పన్నెండో పేరు

ఎవరేమడిగినా ఆ గడియారాల మెకానిక్ మొదట అరచేతిలోకి ఉఫ్‌మని ఊదుకుంటాడు. లేని దుమ్ము ఎగిరిపోయాకే నోట్లోంచి మాట వస్తుంది. కొట్టు మునిగి, కోర్టులో దివాలా అర్జీ పెట్టుకున్నాడు. రేపే అప్పులవాళ్ళ సమావేశం. అక్కడ తడబడకూడదని సాయంత్రం భార్య చేత ప్రశ్నలు అడిగించుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన ఆమె, కళ్ళజోడు సవరించుకుని జాబితా చేతిలోకి తీసుకుంది.

"ఎంతమందికి బాకీ?"

"పదకొండు మందికి, మేడమ్," అన్నాడు ఊదుకుని, నవ్వుతూ.

"అంతేనా?"

మళ్ళీ ఊదుకున్నాడు. "అంతే."

"ఒట్టేసి చెప్పండి."

"ఇది ప్రాక్టీసేగదే!"

"కొట్టు నిలబెడతానని నా రిటైర్మెంటు డబ్బంతా ఊడ్చుకుపోయారే, అది ఏ పేజీలో ఉంది? మీరు రాసిచ్చిన కాయితం బీరువాలోనే ఉంది."

"మొగుడూ పెళ్ళాల మధ్య అప్పేమిటే?"

"మీ తమ్ముడి పేరు మాత్రం మూడోది! ఆయనది అప్పు, నాది తేరగా వచ్చిన సొమ్మా?"

జాబితా ఆయన ఒళ్ళోకి విసిరి లేచిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె భర్త పక్క కుర్చీ వదిలేసి, అప్పులవాళ్ళ వరసలో మరిది పక్కన కూర్చుంది. బాకీలు ఎంతమందికని అధికారి అడిగాడు. మెకానిక్ చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది.

"పన్నెండు," అన్నాడు, ఊదుకోకుండానే.