సంకటితో చేసిన ఉపవాసం

జంఫీరా కుడి మడమ మీద రబ్బరు జోడు ఒరుసుకుని గోరంత పుండు పడింది. మూడు వారాలైనా మానలేదు. చక్కెర జబ్బున్న ఒంటి మీద అలాంటి పుండంటే ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పనక్కరలేదు. అక్క ఏంజెలీనాకి ఇలాగే మొదలైతే మోకాలి కింద దాకా కోసేశారు. ఆ అక్కని పోయేదాకా ఎత్తి, కడిగి, కూర్చోబెట్టింది ఈవిడే.

అందుకే చక్కెర పేరెత్తితే హడలిపోయేది. కాఫీలో మానేసింది. జామ్ సీసాలు పక్కింటికి ఇచ్చేసింది. చావు జరిగిన ఇళ్ళలో పంచే తీపి గోధుమలు ఆ ఊళ్ళో వండేది ఈవిడే. కాదంటే పోయినవాళ్ళకి అపచారమని తెలిసీ వాటిని కూడా నోట పెట్టడం మానేసింది. పోయినవాళ్ళు క్షమిస్తారు, కోసేసిన కాలు మళ్ళీ మొలవదు.

ఇంతలో ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసం వచ్చింది. మాంసం, పాలు, గుడ్లు ముట్టకూడదు. రోగులకి అక్కర్లేదని పూజారి అన్నా వినలేదు. కాలి కోసం మునుపెన్నడూ లేనంత నిష్ఠగా పట్టింది. పొద్దున ఉడికిన బంగాళాదుంపలు, మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి, సాయంత్రం మిగిలిన సంకటే కాల్చుకుని. దాన్ని చెక్క పలక మీద బోర్లించి దారంతో ముక్కలు కోస్తూ, ఉప్పే గాని చక్కెర రవ్వయినా లేదు చూడు తండ్రీ అని మనసులోనే దేవుడికి చూపించేది.

వేలు పొడుచుకుని మిషన్లో నెత్తుటి చక్కెర చూసుకుంటే మొదటి ఆదివారం రెండు వందల పది. తర్వాతి ఆదివారం రెండు వందల అరవై. మూడోసారి మూడు వందలు దాటింది. ఉపవాసం బిగించినకొద్దీ పెరుగుతోందంటే ఏమిటర్థం? దేవుడు కాలు అడుగుతున్నాడు. ఏ పాపానికని అరవై ఏడేళ్ళూ తిరగేస్తే, అక్కని కడుగుతూ ఒకనాడు విసుక్కున్నది దొరికింది. ఇక నిద్ర లేదు. పక్కింటికి పోయి జామ్ దొంగతనంగా నాకుతున్నావేమోనే అన్నాడు మొగుడు గ్లిగోర్. ఆ పూట అతనికి కూడు పెట్టలేదు.

చివరికి ఊరి ఆరోగ్యకేంద్రంలో నర్సు రుక్సాంద్ర దగ్గర కూర్చుని, చక్కెర ముట్టలేదని ఒట్టేసింది. మరి ఏం తింటున్నావని అడిగితే చెప్పింది. రుక్సాంద్ర కలం పక్కన పెట్టేసింది.

"పెద్దమ్మా, తీపి తెలిసేది నాలుకకే. పిండి అంటే చక్కెర గొలుసు కట్టుకుని ఉండటమే. నీ సంకటి మెత్తగా విసిరిన పిండి, దుంపలు మెత్తగా ఉడికినవి. లోపలికి వెళ్ళగానే గొలుసు తెగి నెత్తుట్లో చక్కెరై కూర్చుంటుంది."

"మా అమ్మ జన్మంతా అదే తిన్నది."

"తిని రోజంతా పొలం తవ్వింది. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తున్నావు."

చిక్కుడుగింజల్లోనూ పిండి ఉందిగాని తొక్కలో, పీచులో చిక్కుపడి నిదానంగా విడుతుందని చెప్పింది. ఆ పీచుని మన కడుపు చక్కెరగా మార్చలేదు. అది మిగతా తిండిని తొందరపడనివ్వకుండా పట్టుకుని, చివరికి చాలావరకు అలాగే బయటికి పోతుంది.

"మా ఆయనలాగన్నమాట. తను ఏ పనీ చెయ్యడు, ఎవర్నీ తొందరపడనివ్వడు," అంది జంఫీరా. నవ్వబోయింది, రాలేదు.

ఉపవాసం మానక్కర్లేదు, చిక్కుళ్ళు, ఉప్పులో పులవబెట్టిన క్యాబేజీ తిను, సంకటి అరచేతిలో పట్టేంతే అంది రుక్సాంద్ర. డాక్టరుతో మాట్లాడి మందు మార్పించింది. పది రోజుల్లో పుండు తగ్గుముఖం పట్టకపోతే పట్నం ఆసుపత్రికే. అక్క కాలు వదిలొచ్చింది అక్కడే.

ఆ పది రోజులూ జంఫీరా కట్టు విప్పినప్పుడు కళ్ళు మూసుకునేది. మిషన్లో అంకె దిగుతూ నూట డెబ్భైకి వచ్చినా నమ్మలేదు. పదో రోజు రుక్సాంద్ర కట్టు విప్పి, అంచులు ఎర్రగా చిగురిస్తున్నాయి, పట్నం వద్దు అంది. తర్వాత కళ్ళు మూసుకోమని, పాదం మీద సూదితో గుచ్చినప్పుడల్లా చెప్పమంది.

నాలుగుసార్లు చురుక్కుమంది, నాలుగుసార్లు చెప్పింది. అయిదోదాని కోసం చాలాసేపు కాచుకుని, కళ్ళు తెరిచింది. సూది మొన కాలి చిటికెన వేలిని నొక్కి ఉంది.

"దీనికి ఇక నీ కళ్ళే కాపలా," అంది రుక్సాంద్ర.

జంఫీరా దారి పొడుగునా ఆ వేలి వంకే చూసుకుంటూ ఇంటికి నడిచింది. వెళ్ళగానే చిక్కుళ్ళు నానబోసింది.