టిఫ్ ఫైలుకు నేనిచ్చిన బాప్తిస్మం

పాపిని క్షమించి, మూర్ఖుణ్ణి సైతం సహించే దేవునికి స్తోత్రం! ఆయన సహనాన్ని నేనెంత వాడుకున్నానో వింటే మీకూ ఆయన మీద జాలి కలుగుతుంది. మా తెలుగు సంఘమంతా నా అజ్ఞానం కోసం అన్నం మానేసిన కథ ఇది.

ఇరవయ్యో శతాబ్దం ముగియబోతున్న రోజులవి. రాయపూర్ రైల్వే ఆఫీసులో మూడు వారాల కంప్యూటరు శిక్షణ పొందాను. ఆ మూడు వారాలకే నా నడక మారిపోయింది.

మా సంఘంలో రూతమ్మగారని పెద్దావిడ. నేను అత్తయ్యా అనేవాణ్ణి. ఆమె భర్త దానియేలుగారు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి పోయారు. ఉన్న ఫోటోలన్నీ ట్రంకు పెట్టెలో చెదలు తినేశాయి. "మాట గుర్తుంది అబ్బాయ్, ముఖమే చెరిగిపోతోంది" అని ఆమె అంటుంటే నా గుండె కరిగేది.

ఆ సమయంలో రాజమండ్రి బంధువుల ఇంట ఆయన ఫోటో ఒకటి దొరికింది. అసలు ఫోటో ఇవ్వడానికి వాళ్లకు మనసొప్పక, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఫ్లాపీ పంపారు. ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో పెద్ద ఫోటో పెట్టాలి. "నాకొదిలెయ్యండి" అన్నాను. ఎవరడిగారు నన్ను?

బుధవారం ఆఫీసులో ఫ్లాపీ పెట్టాను. ఫైలు పేరు చివర టిఫ్ అని ఉంది. మా కంప్యూటరులో బొమ్మలు గీసే ప్రోగ్రాము ఒక్కటే ఉండేది. అది చదవలేనంది. నాకు తెలిసిన బొమ్మల ఫైళ్ల పేర్లన్నీ జేపీజీ అనో, బీఎంపీ అనో ముగిసేవి. ఇదెవరో అన్యుడు!

బైబిలు చదివినవాడికి ఉపాయానికి కొదవా? సౌలు పౌలు కాలేదా? మా సంఘంలో సగంమందికి బాప్తిస్మంలో కొత్త పేర్లు పెట్టలేదా? "నేటి నుంచి నీవు జేపీజీ" అని గంభీరంగా పేరు మార్చాను. తెరుచుకోలేదు. బీఎంపీ అని పిలిచాను. పలకలేదు. మానిటరు మీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. చెయ్యి వేడెక్కింది, అంతే.

సాయంత్రం కూడికలో లేచి ప్రకటించాను: "ఈ ఫ్లాపీని సాతాను బంధించాడు. ఉపవాసం ఉందాం."

పాస్టరుగారు సందేహంగా చూశారు. "ముందు ఎవరికైనా చూపించకూడదా బ్రదర్?"

"నాకే తెరుచుకోలేదంటే..." అన్నాను.

శుక్రవారానికి రూతమ్మగారు నీరసించి గోడ పట్టుకుని నడుస్తున్నారు. "ఏమబ్బాయ్, మీ మావయ్య బయటికొచ్చాడా?"

"ఇంకా లేదత్తయ్యా."

"బతికున్నప్పుడూ అంతే. స్నానానికెళ్తే గంట" అని నవ్వారామె.

ఆ నవ్వు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే శంకర్ నగర్‌లోని కంప్యూటరు సెంటరుకు పరుగెత్తాను. అక్కడి టీచరమ్మ సునీత నా సాతాను కథంతా విని, నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుంది.

"భయ్యా, బోర్డ్ బదల్నే సే కిరానా దుకాన్ మెడికల్ స్టోర్ హో జాతీ హై క్యా?" బోర్డు మార్చినంత మాత్రాన కిరాణా కొట్టు మందుల షాపైపోతుందా అని!

పేరులోని చివరి అక్షరాలు దుకాణం బోర్డు మాత్రమేనట. లోపల బొమ్మను దాచిన పద్ధతి వేరు. టిఫ్ పద్ధతిని చదవగల ప్రోగ్రాముతో తెరవాలి, జేపీజీ కావాలంటే అందులోంచే జేపీజీగా సేవ్ చెయ్యాలి. ముందు పాత పేరు తిరిగి పెట్టి, వేరే ప్రోగ్రాములో తెరిచింది. నూనె పెట్టి దువ్విన జుట్టుతో, కొంచెం కోపంగా దానియేలుగారు తెర మీదికొచ్చేశారు. నేను మూడు రోజులు పోరాడిన పనికి ఆమెకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు!

"దేవుడు నిన్ను దీవించాలమ్మా" అన్నాను.

"పెహలే మాజీ కో ఖానా ఖిలాయియే" అంది. ముందు ఆ పెద్దావిడకు అన్నం పెట్టమని!

ఆదివారం కూడికలో, తెలీబంధా పేటలోని స్టూడియోలో వేయించిన పెద్ద ఫోటో ముందు రూతమ్మగారు చాలాసేపు నిలబడ్డారు. వేలితో ఆయన కనుబొమలు తడిమారు. నేను సంఘం ముందు తప్పు ఒప్పుకున్నాను: "పేరు మారిస్తే చాలనుకున్నానత్తయ్యా, క్షమించండి."

ఆమె కళ్లు తుడుచుకుని ఫోటోకేసి చూశారు. "నువ్వొక్కడివేనా అబ్బాయ్? నేనూ అలాగే అనుకున్నాను. ఈయనకు బాప్తిస్మంలో దానియేలని పేరు పెట్టాక, మనిషిని మార్చడానికి నాకు పదకొండేళ్లు పట్టింది!"

పాస్టరుగారితో సహా అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఆమె నా తల మీద చెయ్యి వేశారు. అంతకు మించిన ఆశీర్వాదం నాకు నేటి వరకు దొరకలేదు.

అందుచేత ప్రమాణం చేస్తున్నాను: నాకు తెలియని విషయానికి సాతాను మీద ఇకెన్నడూ నేరం మోపను. ప్రియమైన చదువరీ, నాతో పాటు తల వంచండి. ప్రభువా, మేము అడగక ముందే నీవు సిద్ధం చేసిన సునీతల కొరకు వందనాలు. వాళ్ల దగ్గరికి మమ్మల్ని శుక్రవారం కాక, బుధవారమే నడిపించు. ఆమేన్.