మునిరాజు పతకం, మైకులో నా తెలుగు

ఉద్యోగంలో నా ఆఖరి సంవత్సరం, జూన్ నెల. తమిళనాడులోని ధర్మపురిలో సైనిక కుటుంబాల అర్జీలు చూసే ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా ఉండగా నాకు ఒక సన్మాన సభ అప్పగించారు. సన్మానం ఆ దగ్గర్లోని ఇండూరు అనే ఊరి యువకుడు మునిరాజుకు. పదాతిదళ సిపాయి, వయసు ఇరవై మూడు. అంతర్యుద్ధం నడుస్తున్న ఒక ఆఫ్రికా దేశానికి శాంతిదళంతో వెళ్ళి సాహస పతకం తెచ్చుకున్నాడు.

సభకు ముందురోజు వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తుపాకులకు ఎదురెళ్ళినవాడి ముఖాన నెత్తురు చుక్క లేదు.

“సార్, అక్కడ మెస్సులో వంట చేస్తున్నానని అమ్మకు చెప్పినాను. నిజం తెలిస్తే మళ్ళా పంపదు. ఆదివారంతో లీవు అయిపోతుంది.”

పతకంతో పాటు ప్రశంసాపత్రం వస్తుంది. సిపాయి చేసిన పని అందులో వరుసగా రాసి ఉంటుంది. సభలో దాన్ని చదివి తీరాలి, ఒక్క మాట వదలకూడదు. ఇంగ్లీషులో మాత్రమే చదివిస్తానని మాట ఇచ్చాను. వాళ్ళమ్మ నాగమ్మ కూలిపనికి పోయే మనిషి, ఆమెకు ఇంగ్లీషు రాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అనుకున్నట్టే ఇంగ్లీషు చదవడం ముగిసింది, నాగమ్మ కూడా చప్పట్లు కొట్టింది. అప్పుడు ముఖ్య అతిథి, నాగమ్మది తెలుగిల్లని విని నావైపు తిరిగారు. మీదీ తెలుగే కదా, తల్లికి ఆమె భాషలో చెప్పండి అన్నారు.

మా దగ్గర తెలుగు గడప దాటదు, బయటంతా తమిళమే. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నన్ను మైకు ముందు తెలుగు మాట్లాడమన్నవాళ్ళు లేరు. ఆ సంబరంలో ఇచ్చిన మాట గాలికి పోయింది. కాల్పుల మధ్య రోడ్డు దాటడం, గాయపడిన తోటి సిపాయిని మోసుకురావడం, మళ్ళీ వెళ్ళి ఇంకొకరిని తేవడం, అంతా గొంతు సవరించుకుని మరీ చెప్పాను. పత్రంలో లేని తుపాకీ చప్పుళ్ళు కూడా రెండు చేర్చాను. మునిరాజు నా కాలు తొక్కాక గానీ నాకు స్పృహ రాలేదు.

నాగమ్మ వేదిక మెట్లెక్కి వచ్చి, పతకం పెట్టుకున్న కొడుకు చెవి పట్టుకుంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

“వంట చేస్తాను అంటివి కదరా. ఒకసారి పోయినావు, సరే. రెండోసారి ఎందుకు పోయినావు?”

“ఇంకొకడు ఉండిపోయినాడు మా.”

“వానికి అమ్మ ఉందా?”

“ఉంది మా.”

ఆమె చెవి వదిలి, చొక్కా సరిచేసింది. “అయితే ఆదివారం బస్సుకు చిత్రాన్నం కట్టిస్తాను. ఇంకమీద వంట అని మాత్రం చెప్పద్దు. నీకు గంజి కాచను కూడా రాదు.”

నాకు సిగ్గేసింది, ప్రాణమూ కుదుటపడింది. రిటైరయ్యేలోపు అలాంటి సభలు ఇంకా రెండు జరిపించాను. రెండింటికీ ముందు ప్రశంసాపత్రం పట్టుకుని సిపాయి ఇంటికి వెళ్ళి, తల్లి దగ్గర కూర్చుని చదివాను. నియమావళిలో ఆ పని లేదు, ఉండాల్సింది.