వద్దన్న తల్లి

ఒకసారి అల్ ఐన్ నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో ఫోన్‌లో తెలుగు వార్తలు స్పీకర్లో పెట్టుకుని వింటున్నాను. అమెరికాలో ఒక హంతకుడికి విషపు సూదితో మరణశిక్ష అమలు చేశారట. చంపొద్దని హతుడి తల్లే వేడుకున్నా ప్రభుత్వం వినలేదట.

"మంచిగైంది, ఖలాస్," అన్నాను పైకే.

ముందున్న ఆడవాళ్ల సీట్లోంచి ఒక పెద్దామె వెనక్కి తిరిగింది. గోదావరి మనిషని మాటను బట్టే తెలిసింది.

"ఏంటండీ మంచి? మా అబ్బాయిని షార్జా లేబర్ క్యాంపులో పొడిచి చంపేశారండి. ఇక్కడి కోర్టువాళ్లు నన్ను పిలిచి, చంపినోడి ప్రాణం కావాలా, క్షమిస్తావా అనడిగారు. వదిలెయ్యమన్నాను. మావాళ్లంతా దుమ్మెత్తిపోశారు. అయినా మాట మార్చలేదు."

"అక్కడ చట్టం వేరే ఉంటది కదమ్మా," అని నసిగాను.

"పోయింది ఆవిడ కొడుకు. ఆవిడ వద్దంటుంటే, ఆవిడ కోసమని ఇంకోణ్ణి చంపడానికి వాళ్లెవరండీ?"

నేను ఫోన్ ఆపేశాను.

"ఆపకండి. ఆ తల్లి ఏమందో మళ్లీ పెట్టండి. బస్సంతా వినాలి."

పెట్టాను. దిగేలోపు మూడుసార్లు పెట్టించింది. నాలుగోసారి, ఆమె దిగిపోయాక, నా అంతట నేనే పెట్టుకున్నాను.