నాన్న పాసైన సాయంత్రం

ఈ గల్ఫు నగరంలో, అజైబాలో మా ఆఫీసు కింది హోటల్లో మధ్యాహ్నం పూట నేతిలో సేమియా వేగుతుంటే ఆ కమ్మటి వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. అందరికీ ఆకలి పుట్టించే ఆ వాసనకు నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. దార్సైట్‌లో మేమున్న ఇరుకు ఫ్లాటు, ఒక వేసవి సాయంత్రం గుర్తొస్తాయి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్నకు రుసైల్‌లో గోడౌను పని. రేకుల కప్పు కింద పగలంతా పెట్టెలు మోసి ఇంటికొచ్చేసరికి చొక్కా మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టేది. డ్రైవింగు లైసెన్సు వస్తే కంపెనీ వ్యాను చేతికిస్తారని, ఆ వేడి తప్పుతుందని ఆశ. చలికాలంలో, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారాల్లో చర్చి నుంచి వచ్చి, అమ్మ వండిన కోడికూర, కొబ్బరన్నం కడుపునిండా తిని, డాబా మీద ఖాళీ నీళ్ళ డబ్బాలు వరసగా నిలబెట్టి, నా పాత మూడుచక్రాల సైకిలు మీద మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా తనే కూర్చుని టెస్టులోలాగే వాటి మధ్య నుంచి వెనక్కి నడిపేవాడు. టెస్టు పెట్టే పోలీసును నేను. నా దగ్గర ఎప్పుడూ పాసే. అసలు టెస్టులోనే ఫెయిలై, ఇంటికొచ్చి చెప్పులు విప్పేవాడు.

మా ఇంట్లో పాస్ అనే మాటకు అన్నీ మంచి అర్థాలే. రుసైల్ గేటు దగ్గర చూపించేది పాస్. డాబా మీద బంతి అందించడం పాస్. స్కూల్లో నేర్చిన ఇంగ్లీషుతో నేను "సాల్ట్ పాస్ చెయ్యి" అంటే నాన్న ఉప్పుడబ్బాను బంతిలా విసరబోయేవాడు. అమ్మ తన చదువు ముచ్చట ఎప్పుడెత్తినా "నేను పాసౌటయిన ఏడాది" అనే మొదలుపెట్టేది.

ఆ వేసవిలో నాన్న మళ్ళీ టెస్టుకు వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఇంట్లో ఫోను మోగింది. గోడౌను సూపర్‌వైజరు. నాన్న పాసౌట్, అమ్మను ఫోను చేయమను అని ఇంగ్లీషులో గబగబా చెప్పి పెట్టేశాడు. అమ్మకు చేస్తే తీయలేదు. నేను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచే పక్కింటి కడపావిడ దగ్గరికి పరుగెత్తి, నాన్న పాసయ్యాడని అరిచాను. "అల్హందులిల్లా! ఉండు పాపా, నోరు తీపి చేయాల గదా" అంటూ ఆమె సేమియా వేయించడానికి మూకుడు పెట్టింది.

ఎండ ఇంకా ఉండగానే అమ్మ డ్యూటీ బట్టలతో వచ్చింది. సూపర్‌వైజరు ఆమె పనిచేసే ఆసుపత్రికే ఫోను చేసి నాన్న దగ్గరికి పిలిపించాడట. ఖాలా చెంచాతో ఎదురెళ్ళింది.

"నోరు తెరువమ్మా, మీ ఆయన పాసయినాడంట గదా!"

అమ్మ నా వైపు తిరిగింది. "ఎవరు చెప్పారే?"

"ఫోనొచ్చింది. పాసౌటన్నారు."

"అంటే స్పృహ తప్పారని, తల్లీ. వేడికి పడిపోయారు."

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. వార్డులో ఎవరెవరి బంధువులకో చెప్పి అలవాటైన ఇంగ్లీషు మాటే ఆమె నోట వచ్చింది: "పాస్డ్ అవే."

ఖాలాకు ఇంగ్లీషు రాదు. "ఏమంటాంది పాపా?"

అవే అంటే దూరమని స్కూల్లో చెప్పారు. "నాన్న దూరం వెళ్ళాడంట" అన్నాను.

ఖాలా అమ్మ ముఖం చూసి చెంచా కింద పెట్టేసింది. అప్పుడు అమ్మ తెలుగులో అంది. "మీ నాన్న చనిపోయారమ్మా."

ఆ పొద్దున టెస్టు కూడా పోయిందని తర్వాత తెలిసింది. అక్కణ్ణుంచి నేరుగా గోడౌనుకు వెళ్ళి, లారీలోంచి సరుకు దింపుతూ కూలిపోయాడు. నాన్నను పెట్టెలో సొంత ఊరికి తీసుకెళ్ళి సమాధి చేసి, అమ్మ ఉద్యోగం కోసం మేమిద్దరం మళ్ళీ వచ్చాం. ఖాలా ఎన్నాళ్ళో నాకు అన్నం కలిపి పెట్టింది. రంజాన్ పండక్కి మాత్రం ఆనాటి నుంచి మా ఇంటికి సేమియా పంపలేదు. ఖర్జూరాలు, పండ్లు పంపేది. తర్వాత వాళ్ళూ కడపకు వెళ్ళిపోయారు.

మొన్న శుక్రవారం దార్సైట్ వెళ్ళాను. బిల్డింగుకు కొత్త రంగేశారు. డాబా తలుపుకు తాళం. మా గుమ్మం ముందు ఎవరివో చిన్న చిన్న బూట్లు. కిందికి దిగుతుంటే వాచ్‌మన్ ఆపి, ఎవరిని కలవాలి మేడమ్ అని హిందీలో మర్యాదగానే అడిగాడు. ఎవరూ లేరని చెప్పి బయటికి నడిచాను.