మామయ్య, మూడో నంబరు

మొన్న టీవీలో గోదావరికి మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఇచ్చారని చెప్పగానే నా ఎడమ చెంప చురుక్కుమంది. ఎనభైల్లో మా మేనమామ చెయ్యి పడిన చెంప అది. వరద వచ్చినప్పుడల్లా ఇప్పటికీ కాస్త వాస్తుంది, నమ్మకపోతే మానెయ్యండి.

మామయ్య కొత్తపేట దగ్గర ఏటిగట్టు లస్కరు. వరదల్లో గట్టు పొడవునా తిరిగి, నీరు ఎక్కడ ఊరుతోందో చూసే సర్కారు కాపలాదారు. ఒకసారి అవతలి గట్టు వాళ్ళు, తమ వైపు ఒత్తిడి తగ్గాలని మా గట్టుకి గండి కొట్టడానికి పడవేసుకొస్తే, ఏడుగురిని దుడ్డుకర్రతో చితకబాదాడు. ఏడుగురనేది మా అమ్మ లెక్క. చెబుతున్నది నేను కాబట్టి పదకొండుమంది. మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. “ఆయ్, ఏమీ అనుకోకండి” అని చెప్పి మరీ కొట్టేవాడు. ఒకాయనకి రెండు పళ్ళు రాలితే, అవి ఏరి రుమాల్లో కట్టి చేతికిచ్చాడు.

ఆ ఏడు అత్తయ్యకి పొట్ట ఉబ్బడం మొదలైంది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గ్యాసేనంటూ ఆరు నెలలు సోడా మందు తాగించాడు. చివరికి నేను నర్సు ట్రైనింగు చేస్తున్న పట్నం ఆస్పత్రికి తీసుకొస్తే, అండాశయంలో గడ్డ అని తేలింది. మామయ్య ఊరికి తిరిగెళ్ళి, ఆరెంపీ చూస్తుండగానే ఆయన సైకిల్ని రెండుగా మడిచి కాలవలో పడేశాడు.

ఆపరేషనైన సాయంత్రం దుప్పటి తొలగించి చూస్తే, పొత్తికడుపు నుంచి రొమ్ముల కింద దాకా కట్టు. సర్జన్ గారు అప్పుడే వార్డులోకొచ్చారు. “గడ్డ కిందుందన్నారు కదండీ, పైదాకా ఎందుకు కోసేరండీ?” అన్నాడు మామయ్య. ఆయన నోరు తెరిచే లోపే, “ఆయ్, ఏమీ అనుకోకండి” అని వినిపించింది. నేను అడ్డం పడే లోపే సర్జన్ గారి పెదవి చిట్లి తెల్లకోటు ఎర్రబడింది.

ఆయన దూదితో అదుముకుంటూ, “గట్టు మీద ఒకచోట ఊట కనబడితే, అక్కడ మాత్రం చూసి ఇంటికెళ్ళిపోతారా?” అన్నారు.

“ఎలా వెళ్తామండీ? కొసదాకా నడవాలి.”

“నేనూ నడిచేను.”

నడిచారు మరి. పొట్టలో చేరిన నీరు పరీక్షకి తీశారు. కాలేయం పైభాగం దాకా చేత్తో తడిమారు. పేగుల మీద వేలాడే కొవ్వు పొరని, కొన్ని లింఫు గ్రంథుల్ని, అనుమానమొచ్చిన చోటల్లా ముక్కల్ని కోసి లాబుకి పంపారు. క్యాన్సరు ఎందాకా పాకిందో చెప్పే దశకి ఒక నంబరుంటుంది: అండాశయాలు దాటకపోతే ఒకటి. గర్భసంచి చుట్టుపక్కలకి పాకితే రెండు. పొట్ట లోపలి పొరలకో గ్రంథులకో అంటితే మూడు. ఊపిరితిత్తుల దాకానో, కాలేయం లోపలికో పోతే నాలుగు. లాబు రిపోర్టు వస్తేగాని నంబరు తేలదు.

పది రోజులకి తేలింది. మూడు. మామయ్యకి చెప్పే పని నాకే పడింది. “ఆయ్, ఏమీ అనుకోకమ్మాయ్” అన్నాడు. చెంప పేలిపోయింది. తర్వాత వరండాలో కూలబడి, “మూడంటే దిగుతుందిలే. గోదారి మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగడం ఎన్నిసార్లు చూళ్ళేదూ” అన్నాడు. నేను కాదనలేకపోయాను. చెంప భయం కాదు.

మందులెక్కించారు. అత్తయ్య జుట్టంతా ఊడింది గానీ పొట్ట తగ్గింది, గొంతు లేచింది. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా మామయ్యది ఒకటే ప్రశ్న: “నంబరు దించేరాండీ?” ఒకరోజు సర్జన్ గారు, “నీళ్ళు తగ్గాయి. మొదట పడిన నంబరు మాత్రం మారదండీ” అన్నారు. మామయ్య పిడికిలి బిగిసింది. అత్తయ్య స్టీలు గ్లాసు విసిరింది. మామయ్య నుదురు పగిలి రక్తం కారింది.

“మనింటి గోడ మీద వరద మట్టానికి గీత గీసింది మీరే కదండీ. నీళ్ళు పోయేక చెరిపేరా? ఎందాకా వచ్చిందో చెప్పడానికే అది. నన్ను చూడండి, గీతని కాదు.”

ఆమె ఇంకో మూడు వరదలు చూసింది. తర్వాతి వేసవిలో పోయింది. సమాధి దగ్గర్నుంచి వచ్చిన మామయ్య గునపం తీసి గోడ మీద ఆ గీతని పొడిచాడు. గీత పోయింది, ఇటుకలు పోయాయి, అవతలి ఎండ కనబడేదాకా పొడిచాడు. ఆపబోయిన మా నాన్న మోచెయ్యి విరిగింది. ఇందులో నేను పెంచి చెప్పిందేమీ లేదు. ఆ రోజు మామయ్య ఎవరికీ “ఏమీ అనుకోకండి” అనలేదు.

ఆ కన్నాన్ని తర్వాత సిమెంటుతో పూడ్చారు. గీత ఉన్నన్నాళ్ళూ దాన్నెవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ళలో కాలం ఆ గోడలన్నిటినీ ఒకే రంగుకి తెచ్చింది గానీ, నీళ్ళు ఎందాకా వచ్చాయో చెప్పే ఆ సిమెంటు మాసిక ఒక్కటే దానికి లొంగలేదు.