కింది అంకె కూడా కదులుతుంది

పప్పులో ఉప్పు సరిపోయిందని నలుగురు చెప్పినా, నేను చవిచూస్తేగానీ నమ్మను. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక మందుల యాప్‌కి లెక్కలు చూసే రోజుల్లోనూ ఇదే చాదస్తం.

మా టీమ్‌లో ఒకతను తాతల కాలం నుంచి కె.ఆర్.పురంలో స్థిరపడ్డ తెలుగింటివాడు. చూపు ఆనని వాళ్ళమ్మను దృష్టిలో పెట్టుకుని, పెద్ద పెద్ద తెలుగు, కన్నడ అక్షరాలతో ఒక స్క్రీన్ తయారుచేశాడు. కొంతమందికి ఇచ్చి పరీక్షించాం. మందులు తెప్పించుకున్న సార్లను యాప్ తెరిచిన సార్లతో భాగిస్తే పాతదానికన్నా మెరుగే వచ్చింది. పొరపాటుకు ఆస్కారం చాలా తక్కువని కూడా తేల్చారు. అతను అందరికీ మైసూర్‌పాక్ పంచాడు.

నాకు ఆ 'చాలా తక్కువ' దగ్గర ముల్లు గుచ్చుకుంది. యాప్ తెరిచిన ప్రతిసారినీ కొత్త మనిషి కిందే లెక్కేశారు. వాళ్ళమ్మేమో పొద్దున్నే దీపం పెట్టాక, పనున్నా లేకున్నా, యాప్ తెరిచి తన మాత్రల పేర్లు చదువుకునేది. అలాంటివాళ్ళు ఇంకెందరో. భాగహారంలో పై అంకె ఒక్కటే కాదు, కింది అంకె కూడా మనిషిని బట్టి మారుతుంది. పైగా రెండూ కలిసి మారతాయి. మనిషివారీగా రెండింటి ఎగుడుదిగుళ్ళూ, వాటి మధ్య పొత్తూ కలుపుకుంటేగానీ ఆ నిష్పత్తి వేరియన్స్, అంటే అది ఎంత అటూఇటూ ఊగుతుందన్నది, తేలదు. అలా వేసి చూస్తే పొరపాటు హద్దులు బారెడు సాగాయి. మెరుగైందో, దిగజారిందో చెప్పలేం.

తేలనిదాన్ని విడుదల చేయకూడదని మా నియమం. ఇంకొన్ని వారాలు పరీక్షిద్దామని బతిమాలాను. వేరే పనులున్నాయని పైవాళ్ళు ఆ స్క్రీన్ తీసేయమన్నారు.

"తెలీదు అంటే బాగలేదని కాదు గదక్కా?" అన్నాడతను.

కాదన్నాను.

"మరెందుకు తీసేస్తా ఉండారు?"

తేలనిదాన్ని ఉంచకూడదన్న నియమాన్నే మళ్ళీ చెప్పాను.

తర్వాత ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మ రాగిముద్ద వడ్డిస్తూ, మందులకు మళ్ళీ కొడుకునే అడుక్కోవాల్సి వస్తోందని చెప్పుకొచ్చింది. "ఆ పెద్ద అచ్చరాలు ఎవురు తీసేసినారప్పా?" అని అతన్నే అడిగింది.

అతను నా వైపు చూడలేదు. "కంపెనీవాళ్ళులేమ్మా" అన్నాడు.

నా లెక్క తప్పయితే బాగుండనుకున్నాను. ఇంటికొచ్చి మొదటినుంచీ మళ్ళీ వేశాను. తప్పు దొరకలేదు.